సారక్క వేసి తవ్విన నేల

సారక్కతో నా పరిచయం పోట్లాటతో మొదలైంది. గోదావరిఖని చౌరస్తాకు కాస్త ఇవతల మాకో చిన్న బిల్డింగు ఉంది. పైన మేముంటాం, కింద నాలుగు గదులు దుకాణాలకు అద్దెకిస్తాం. ఇక్కడివాళ్లు వాటిని మడిగెలంటారు. ఒకరోజు గుడినుంచి వచ్చేసరికి ఒక మడిగెలో గోడకు పెద్ద కన్నం పడి ఉంది. దాని ముందు ఒకావిడ కొంగు నడుముకు దోపుకుని నిలబడి, అందులోకి తొంగి చూస్తోంది.

"ఎవర్ని అడిగి కొట్టావు నా గోడ?" అన్నాను.

"మొబైల్ షాపు పిలగాడు అల్మరా పెట్టుమన్నడమ్మా. కొడితే లోపల నీళ్ల పైపు దొరికింది. ఇది ఈడ ఉన్నట్టు మీకన్న ఎరుకేనా?"

మాకూ ఎరుక లేదు. మా ఆయన సూర్యప్రకాశరావుగారు కరెంటు ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమున్నంతకాలం జ్యోతినగర్ క్వార్టర్లో ఉంటూ, ఈ బిల్డింగు కట్టే పని మేస్త్రీల మీద వదిలేశారు. ఆ కోపమంతా నేను సారక్క మీద చూపించాను. ఆవిడ ఎదురు చెప్పలేదు, పని ఆపనూ లేదు. సాయంత్రానికి పైపు పక్కకు తిప్పి, గోడ పూడ్చి, చేతులు కడుక్కుని మేడెక్కి వచ్చింది.

"పని అయింది. ఇగ ఇప్పుడు తిట్టుండ్రమ్మా, మంచిగ ఇంట," అంది.

తిట్టడం మానేసి కాఫీ ఇచ్చాను. అప్పటినుంచి మా మడిగెల్లో ఎవరు దిగినా లోపలి పని సారక్కదే.

సారక్క వాళ్ల ఊరి పొలాలు, నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గనిలో పోయాయి. భర్త బిక్షం బాయిలో టింబర్‌మ్యాన్, అంటే భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనివాడు. బాయి అంటే వీళ్ల భాషలో బొగ్గుగని. కాలు దెబ్బతిని అతను ముందే ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. సారక్క తలమీద తట్ట పెట్టుకుని కట్టుబడి పనులకు పోయింది. ముత్యం అనే తాపీపనివాడి దగ్గర ఇటుకలందిస్తూ పని మొత్తం కళ్లతో నేర్చుకుంది. తర్వాత ఆ ముత్యమే ఈవిడ కింద పనికి వచ్చాడు. అదేమని అడిగితే, "నాకు గోడ కట్టుడొచ్చు, మందితోని మాట్లాడుడు రాదు," అన్నాడు.

దుకాణాల పని చూసినంత సులువు కాదు. ఖాళీ గది చూసి కిరాయిదారు ఏదో ఊహించుకుంటాడు. గోడలోపల, నేలకింద, కప్పుమీద ఏముందో కొట్టి చూసేదాకా ఎవరికీ తెలియదు. పైగా ఊరు మామూలు ఊరు కాదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో మందు పెట్టి బండ పేలిస్తే మా కిటికీలు గలగలమంటాయి. అందుకే సారక్క ఆ పేలుడు వినపడ్డాకే దుకాణాలకు అద్దాలు బిగించేది. ఇంకో పట్టింపు కూడా ఉండేది. పని చేసిన మడిగెలో కిరాయిదారు కూర్చోనిదే తను కూర్చునేది కాదు. అన్నం తిన్నా బయట మెట్ల మీదే.

"నీ మోకాళ్లు అరిగిపోతాయే," అని నేను ఎన్నిసార్లు అన్నానో.

"ఆల్లు కూసున్నంక కూసుంటనమ్మా," అనేది.

రెండువేల తొమ్మిది దసరా తర్వాత దీప అనే అమ్మాయి మా రెండు మడిగెలు అడగడానికి వచ్చింది. పిల్లల డాక్టరు. మధ్య గోడకు దారి తీసి, రెండూ కలిపి చిన్న క్లినిక్ పెడతానంది. వెంట తండ్రి సదయ్య వచ్చాడు. బాయిలో మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఆయన అడిగింది ఒకటే.

"డిసెంబరు ముప్పై ఒకటిన నేను రిటైరైత. ఆ దినానికి దవాఖాన తెరవాలె."

ఇక్కడ బాయి కార్మికుడు రిటైరైతే పెళ్లికొడుకును తెచ్చినట్టు తెస్తారు. చివరి షిఫ్టు దిగి పైకి రాగానే తోటివాళ్లు దండలు వేసి, డప్పులతో ఇంటిదాకా ఊరేగిస్తారు. సదయ్య తన ఊరేగింపు ఇంటికి పోకుండా నేరుగా బిడ్డ దవాఖానకు రావాలనుకున్నాడు. ముహూర్తమైతే పంతులుగారిని బతిమాలి మార్చుకోవచ్చు, కంపెనీ ఇచ్చిన రిటైర్మెంటు తేదీ ఎవరూ మార్చలేరు.

"అయితదన్నా. నాది పూచీ," అంది సారక్క.

అంతవరకు ఆవిడకు వచ్చినవన్నీ చిన్న పనులే. దవాఖాన అంతా ఒక ఆడమనిషికి అప్పగించడం ఊళ్లో అదే మొదలు. కరీంనగర్ కాంట్రాక్టరు ఒకతను అప్పటికే దీప చుట్టూ తిరుగుతున్నాడు. ఇది తప్పితే మళ్లీ తనకెవరూ పెద్ద పని ఇవ్వరని సారక్కకు తెలుసు.

పని జోరుగా నడిచింది. చేతులు కడుక్కునే సింకుల నీళ్లు పోవడానికి నేలలో కాలువ తవ్వారు. తవ్విన రెండోనాడు లస్మవ్వ అనే కూలీ తట్ట దించి, "అక్కా, మన్ను కాలుతున్నది," అంది. నేనూ కిందికి పోయి చూశాను. నేలకింద మన్ను నల్లగా, పెచ్చులు పెచ్చులుగా ఉంది. గంధకం వాసన సన్నగా వస్తోంది.

బిక్షం కుంటుకుంటూ వచ్చి కాలువ పక్కన కూర్చుని చూశాడు. "బొగ్గు కలిసిన మన్ను. గాలి తగిలి వేడెక్కుతున్నది. బాయిల అగ్గి లేస్తే ఏం జేస్తం? అడ్డం గోడ కట్టి గాలి బంద్ చేస్తం. అదే సస్తది. ఇదీ గంతే."

మా ఆయన కూడా దిగివచ్చి చూసి, "అవును, ఆక్సిజన్ అందకపోతే ఆగిపోతుంది," అన్నారు. సారక్కకూ అదే సబబనిపించింది. ఈ ఊళ్లో పుట్టిన ఎవరినడిగినా అదే చెబుతారు. నిప్పును మూసేసి చంపడం ఇక్కడివాళ్లకు అన్నం వండడమంత అలవాటు. పైపు వేసి, కాలువ పూడ్చి, మీద గట్టిగా కాంక్రీటు పోశారు. దానిమీద తెల్లటి టైల్సు పరిచారు. గోడలకు లేత పచ్చరంగు వేశారు. డిసెంబరు సగం దాటేసరికి దవాఖాన ముచ్చటగా తయారైంది. సదయ్య వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్లాడు. లోపలికి రమ్మంటే, "ఆ దినమే వస్త," అన్నాడు.

చలి ముదిరింది. పొద్దున్నే ముగ్గు వెయ్యడానికి దిగితే, మా వీధి ఎర్రకుక్క సగం ఎత్తిన షట్టరు కిందినుంచి దవాఖానలోకి దూరి పడుకుని ఉండేది. తరిమాను. మర్నాడూ అక్కడే. మూడోనాడు చీపురు పట్టుకుని వెళ్లినదాన్ని ఆగిపోయాను. గదంతా వదిలేసి అది రోజూ ఒకే చోట పడుకుంటోంది, డాక్టరు బల్ల వెయ్యబోయే కిటికీ కింద. దాన్ని అదిలించి ఆ టైలు మీద అరచెయ్యి పెట్టాను. అప్పుడే ఇస్త్రీ చేసి మడిచిన చీరలా వెచ్చగా ఉంది. నాకు భయమేసింది.

కబురు పెట్టగానే సారక్క వచ్చింది. మోకాళ్ల మీద వంగి గదంతా చేత్తో తడుముకుంటూ పోయింది. వెచ్చదనం కిటికీ దగ్గర మొదలై వెనక గోడదాకా పాకి ఉంది. ఒకచోట టైలు తడితే డొల్లగా మోగింది, అంచు లేచి ఉంది. ఆవిడ లేచి బయట మెట్ల మీద కూర్చుని, టిఫిన్ డబ్బా తీసి మెల్లగా తిన్నది. చెడ్డకబురు ఖాళీ కడుపుతో మొయ్యకూడదని ఆవిడ లెక్క. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. ముందు మా ఆయన్ని కిందికి పిలిచాను.

"ఈ నేలకింద ఏం మన్ను పోయించారండీ?"

"అప్పట్లో అందరూ పోయించుకున్నదే. గని దగ్గర కుప్పల్లోంచి టిప్పర్లవాళ్లు ఊరికే తెచ్చి పోసేవారు. ఎత్తు లేస్తే చాలనుకున్నాం," అన్నారాయన. ఊరికే వచ్చిందంటే మా ఆయన విషం కూడా సీసాలో పోసి దాచుకుంటారు. ఆ మాటే అనేశాను. ఆయన వంగి టైలు తడిమి చూసి, "ఇంత వేడి వల్ల కట్టడానికేమీ కాదు. ముందు ఓపెనింగ్ కానివ్వండి. సంక్రాంతి తర్వాత నింపాదిగా చూసుకుందాం," అన్నారు.

ముత్యం కూడా అదే అన్నాడు. "టైలు ఒక్కటి మారుస్తె ఎవ్వలికీ కనబడదక్కా."

సారక్క డబ్బా మూత పెట్టింది. "పెద్దోల్లు కుర్సీల కూసుంటరు. పిల్లలు కింద పాకుతరు. ఆ వాసన ఆల్ల ముక్కులకే ముందు పోతది. ఈ నేల నేనే మూసిన, నేనే తీస్త."

"తేదీ?" అన్నాను.

"పోయి చెప్తనమ్మా. ఇంకో నోటి నుంచి ఇనొద్దు ఆల్లు."

నన్ను కూడా రమ్మంది. బిల్డింగు నాది కాబట్టి నేనూ మాట పడాలని చెప్పకనే చెప్పింది. ఇద్దరం సదయ్య క్వార్టరుకు వెళ్లాం. సారక్క ఏదీ దాచలేదు. కాలువలో వేడి కనిపించినప్పుడే చెప్పకుండా మూసెయ్యడం తన తప్పంది. దీప ముఖం ఎర్రబడింది.

"ఇప్పుడా చెప్పేది? ఊరందరినీ పిలిచినం అక్కా. కరీంనగర్ ఆయన మీద షీటు పరిచి రెండు దినాల్ల ఇస్తనంటున్నడు."

"ఇస్తడు. షీటు మీద సాప గిట్ట పరిస్తే ఇంకా మంచిగ కనబడతది," అంది సారక్క. గొంతు పెంచలేదు. "నువ్వు డాక్టరువు. పసిపిల్లలను ఆ నేల మీద దించుతనంటే ఆయనకే ఇయ్యి. నేను అడ్డం రాను."

దీప తండ్రి వైపు చూసింది. సదయ్య గోడకు ఆనుకుని వింటున్నాడు. ఆయన ముఖం చూడడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి ఆయనే అన్నాడు. "తీసి దేంతోని నింపుతవ్ చెల్లె?"

"ఎర్రమన్ను అనుకున్ననన్నా."

"ఇసుక పొయ్యి. బాయిల బొగ్గు తీసినంక ఖాళీ జాగల మేం నింపేది గోదారి ఇసుకే. అది కాలది, కుంగది. నా సర్వీసంతా అదే పని." బిడ్డ వైపు తిరిగాడు. "నేనైతే ఆ దినమే వస్త బిడ్డా. ఎంత అయితే అంత కానీ."

మర్నాడు పొద్దున్నే గడ్డపార దిగింది. తను దగ్గరుండి వేయించిన తెల్లటి టైల్సును మొదటి దెబ్బ సారక్కే కొట్టింది. రెండో దెబ్బకు ముందు ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ఆగలేదు.

కాంక్రీటు లేవగానే పొగ వచ్చింది. షట్టర్లు, వెనక తలుపు బార్లా తెరిచి, ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని, కొంచెం తవ్వి కొంచెంసేపు బయటికొచ్చి నిలబడుతూ పని చేశారు. తీసిన మన్ను వెనక ఖాళీ స్థలంలో పలచగా పరిచి నీళ్లు కొట్టారు. వెనక గోడ దగ్గరికి వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. పునాదిలో పందికొక్కులు బొరియలు తవ్వి ఉన్నాయి. పైన ఎంత మూసినా, కిందినుంచి గాలి హాయిగా పోతూనే ఉంది.

బిక్షం ఆ బొరియలు చూసి తల పట్టుకున్నాడు. "బాయిల పందికొక్కులు ఉండయి. నేను ఈ ముచ్చట సోంచాయించనే లేదు."

"నువ్వే కాదు, నేనూ సోంచాయించలే. ముందు ఆ బొక్కలు పూడ్సు," అంది సారక్క.

అంతలో బందు వచ్చి పడింది. ఆ నెల మొదట్లో తెలంగాణ ఇస్తామన్న మాట ఢిల్లీనుంచి వస్తే ఊరంతా రంగులు చల్లుకున్నారు. నెల తిరక్కుండానే ఆ మాట వెనక్కి పోయింది. ఊరు భగ్గుమంది. లారీలు లేవు, దుకాణాలు లేవు, చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి. గోదావరి ఇంత దగ్గర ఉండి కూడా ఒక్క తట్ట ఇసుక వచ్చే దారి లేదు. దవాఖాన నడుమ నడుములోతు గొయ్యి. మాది తణుకు వైపని వీధిలో అందరికీ తెలుసు. మా ఆయన కిటికీలు మూయించారు.

సారక్క కూడా తెలంగాణ కావాలన్న మనిషే, రంగులు చల్లుకున్నవాళ్లలో తనూ ఉంది. నేరుగా చౌరస్తాకు పోయి టైర్ల దగ్గర నిలబడ్డ కుర్రాళ్లను అడిగింది. నేను మేడమీదినుంచి చూస్తున్నాను. ఒకడు మా బిల్డింగు వైపు చెయ్యి చూపించి ఏదో అన్నాడు. తర్వాత సారక్కే చెప్పింది నాకు.

"ఆంధ్రోల్ల బిల్డింగుకు బందుల ఇసుక తోలుతవా అక్కా అన్నడమ్మా. బిల్డింగు ఆల్లదేరా, దవాఖాన మనది, సదన్న బిడ్డది అన్న. రేపు రాష్ట్రమొస్తే పిల్లలకు జరాలు రాకుంట పోతయా అన్న. సరే తోలుకో అన్నరు."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. బిల్డింగు నాది, దవాఖాన వాళ్లది అన్న లెక్క నాకూ సరైనదే అనిపించింది. మర్నాడు తెల్లారేసరికి ట్రాక్టరు ముందు జెండా కట్టుకుని, డ్రైవరు పక్కన సారక్కను కూర్చోబెట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చింది. అడ్డగించాల్సిన కుర్రాళ్లే వెనక నడుచుకుంటూ వచ్చారు. వాళ్లే పారలు పట్టుకుని ఇసుక దించారు. అందరికీ టీ పెట్టి కిందికి తెచ్చాను. జెండా పట్టుకున్నవాడు ఇంకో కప్పు అడిగి తాగాడు.

ఇసుక ఒక వరుస పోయడం, నీళ్లు పెట్టడం, దిమ్మిస కొట్టడం, మళ్లీ ఇంకో వరుస. సదయ్య తోటివాళ్లు డ్యూటీ దిగి వచ్చి చెయ్యేశారు. ఎంత చేసినా తేదీ ముందుకొస్తూనే ఉంది. ముప్పయ్యో తారీఖు సాయంత్రానికి ఇసుక గుమ్మం ఎత్తుకు వచ్చి ఆగింది. మీద కాంక్రీటు లేదు, టైల్సు లేవు. గోడలకు పొగ మసి పట్టింది, మళ్లీ రంగు వేసే వ్యవధి లేదు. సారక్క నీళ్ల పైపు చుట్టిపెట్టి గోడలు చూస్తూ నిలబడింది. ఆవిడ కళ్లలో నీళ్లు చూడడం నాకు అదే మొదటిసారి.

"పూచీ అన్ననమ్మా ఆయనకు," అంది.

మర్నాడు పొద్దున్న నేను దిగేసరికి సారక్క గుమ్మంలో ఉంది. ఎర్రకుక్క లోపలికి వచ్చింది. ఇసుక మీద కిటికీ కిందికి పోయి, రెండు చుట్లు తిరిగి, మూతితో వాసన చూసింది. పడుకోలేదు. బయటికొచ్చి ఎదురుగా టీకొట్టు పొయ్యి పక్కన చేరి ముడుచుకుంది. సారక్క దాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత గుమ్మానికి మామిడాకులు కట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం షిఫ్టు దిగాక డప్పులు వినపడ్డాయి. సదయ్య మెడలో దండలు, కాళ్లకు బాయి బూట్లు, జుట్టులో ఇంకా బొగ్గు. వెనక వీధినిండా జనం. దీప తెల్లకోటు వేసుకుని తండ్రి పక్కన నడుస్తోంది. సారక్క మెట్లు దిగి ఎదురు పోయి అందరి ముందూ చెప్పింది.

"అన్నా, మాట తప్పిన. నేల పని పూర్తి కాలే. లోపల ఇసుకే ఉన్నది."

డప్పులు ఆగాయి. సదయ్య మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పాడు. బూట్లు పక్కన పెట్టి, ఉత్త కాళ్లతో లోపలికి పోయాడు. కుక్క పడుకున్న చోటు ఆయనకెవరు చెప్పారో తెలియదు, నేరుగా కిటికీ కిందికే పోయి నిలబడ్డాడు. కాలివేళ్లు ఇసుకలో దూర్చాడు.

"సల్లగున్నది బిడ్డా," అన్నాడు.

తర్వాత దండలతోనే కింద కూర్చున్నాడు. పిడికెడు ఇసుక తీసి వదిలాడు. "ఇన్నేండ్లు చీకట్ల ఇసుక నింపుకుంట వచ్చిన. నింపినంక ఆ జాగకు మల్ల ఎవ్వలు పోరు. నేను నింపినదాని మీద మనుషులు కూసునుడు చూడలే ఎన్నడు." దీపను చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తెల్లకోటుకు ఇసుక అంటుతున్నా ఆ పిల్ల లేవలేదు. "గుమ్మంల నిలబడ్డవేంది చెల్లె? ఇటు రా, కూసో," అన్నాడు.

సారక్క నావైపు చూసింది. కిరాయిదారు కూర్చుంది, ఇంకేం అడ్డం అన్నట్టు నేను తలూపాను. ఆవిడ లోపలికి పోయి, గోడ పక్కన మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా ఇసుక మీద కూర్చుంది. కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. డప్పులు మళ్లీ మొదలయ్యాయి గనక ఆ ఏడుపు నాకూ సదయ్యకూ తప్ప ఎవరికీ వినపడలేదు.

ఆ సాయంత్రం ఆ ఇసుక మీదే బల్ల వేసి, దీప మొదటి పసిబిడ్డను చూసింది. తెల్లారి ఆరింటికి ముత్యాన్ని వెంటబెట్టుకుని సారక్క వచ్చి, నా తలుపు కొట్టింది.

"బల్ల జరపాలెనమ్మా, జల్ది రాండ్రి. కాంక్రీటు పోస్తున్న," అంది.